‘వృత్తి: అడ్వకేటు’ అని రాసే ముందు: సేవాసంస్థ కార్యవర్గంలోకి వకీళ్ళనూ జడ్జీలనూ ఎలా తీసుకోవాలి

సొసైటీల రిజిస్ట్రారుకు ఏటా పంపే కార్యవర్గం జాబితాలో పేరు, వయసు, వృత్తి, చిరునామా, హోదా, సంతకం అని గళ్ళుంటాయి. వాటిలో వృత్తి గడి మరీ ఇరుకు. ‘అడ్వకేటు’ అనో ‘రిటైర్డ్ జడ్జి’ అనో ఒక్క మాట పట్టేంత చోటే ఉంటుంది. బడిపంతులుగా రిటైరైన తర్వాత ఒక చిన్న సేవాసంస్థకు కార్యదర్శినై, పద్నాలుగేళ్ళుగా ఆ గడిని నా చేత్తోనే నింపుతున్నాను. నల్లకోటు మనిషి ఒకరు బోర్డులో ఉంటే చాలు, ఇక మనల్ని ఎవరూ ఏమీ చేయలేరని మొదట్లో మురిసిపోయిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆ మురిపెం ఒక ప్రహరీ గోడ కేసుతో తీరింది. పక్క స్థలం ఆయన మా మీద దావా వేశాడు. మా కార్యవర్గ సభ్యుడే వకీలు కదా అని ఆయన చేతే వకాలతు వేయించాం. నాలుగో వాయిదాకు అవతలి వకీలు లేచి, ‘వీరు ఆ సంస్థ కార్యవర్గ సభ్యులు, వీరు హాజరు కాకూడదు’ అని అభ్యంతరం చెప్పారు. చెప్పింది నిజమే. మధ్యలో వకీలును మార్చుకోవడానికి మాకు రెండు వాయిదాలూ, కొత్త ఫీజూ, కొంత పరువూ ఖర్చయ్యాయి. మీరు అంత దూరం పోకుండా ఉండడానికి ఏ వరసలో ఏం చేయాలో కింద రాస్తున్నాను. సొసైటీ, ట్రస్టు, కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింది కంపెనీ, ఏదైనా ఈ పద్ధతి ఇంచుమించు ఒకటే.

1. ముందు మినిట్స్ పుస్తకం తెరవండి

ఎవరిని తీసుకోవాలో బార్ అసోసియేషన్ హాల్లో కూర్చుంటే తేలదు, మీ బీరువా తెరిస్తే తేలుతుంది. గత మూడేళ్ళ మినిట్స్ పుస్తకాన్నీ, వచ్చిన నోటీసుల ఫైలునూ ముందేసుకోండి. చట్టంతో పని పడిన ప్రతి సందర్భాన్నీ ఒక తెల్లకాగితం మీద రాయండి.

మాది వృద్ధాశ్రమం, దాన్ని ఆనుకుని పేద పిల్లల హాస్టలు. మా కాగితం మీద తేలినవి ఇవి: దానంగా వచ్చిన స్థలం మీద దాత అన్నదమ్ముల పేచీ, మునిసిపాలిటీ ఆస్తిపన్ను నోటీసు, పని మానేసిన వంటమనిషి గ్రాట్యుటీ అడగడం, హాస్టలుకు బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ అవసరమా కాదా అన్న సందేహం, ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏబీ (పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్) పునరుద్ధరణ. క్రిమినల్ కేసు ఒక్కటీ లేదు. అప్పటిదాకా మా బోర్డులో ఉన్నది మాత్రం జిల్లాలో పేరుమోసిన క్రిమినల్ లాయరు.

2. వకీలు ఏ వైపు వకీలో అడిగి తెలుసుకోండి

డాక్టరంటే కంటి డాక్టరా, ఎముకల డాక్టరా అని అడుగుతాం. వకీలు దగ్గరకు వచ్చేసరికి ఆ పాటి ప్రశ్న కూడా మనకు తోచదు.

భూమి, భవనం ఉన్న సంస్థకు మొదట కావలసింది సివిల్ వైపు పనిచేసిన మనిషి. ఒక ఉదాహరణ చెబుతాను. పదేళ్ళ కిందట ఒక పెద్దమనిషి మా ఆశ్రమానికి నలభై సెంట్లు రాసిస్తానన్నారు. సన్మానానికి శాలువా కూడా కొనేశాం. ఆ రోజు సమావేశానికి అప్పుడే కొత్తగా చేరిన సివిల్ వకీలు గారు వచ్చారు. దాత పంపిన జిరాక్సు కాగితాన్ని కిటికీ వెలుతురుకు తిప్పి పట్టుకుని చూసి, ‘మాస్టారూ, ఇది జిరాయితీయా, డీకేటీయా?’ అని అడిగారు. నాకు జవాబు తెలియలేదు. జిరాయితీ అంటే సొంత పట్టా భూమి, డీకేటీ అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి, దాన్నే డీ పట్టా అంటారు. ‘అయితే శాలువా అవతల పెట్టండి. అడంగల్ తెప్పించండి. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల సర్టిఫికెట్టు, ముప్ఫై ఏళ్ళకు తీయించండి. ఈ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి’ అన్నారు. తీరా చూస్తే ఆ నలభైలో ఇరవై ఆరు సెంట్లు డీ పట్టా. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం అప్పట్లో దాన్ని దానంగా ఇవ్వడమూ కుదరదు, పుచ్చుకోవడమూ కుదరదు. తెలంగాణలో లావుణి పట్టా అంటారే, అదే కథ. మిగిలిన పద్నాలుగు సెంట్లే రిజిస్టరు చేయించుకున్నాం. శాలువా మాత్రం కప్పాం, ఆయన మనసు మంచిదే కదా.

ఆ ప్రశ్న అడగడానికి ఆయనకు చట్టం పుస్తకం అవసరం లేకపోయింది. ఇరవై ఏళ్ళు మున్సిఫ్ కోర్టులో, తర్వాత సబ్ కోర్టులో దస్తావేజులు చదివిన కళ్ళు అవి. మీరు వెతకాల్సింది ఆ కళ్ళ కోసం.

హైకోర్టులో రిట్ పిటిషన్లు చూసే వారి తీరు వేరు. కలెక్టరు ఉత్తర్వు, మునిసిపల్ కమిషనరు ఉత్తర్వు, గ్రాంటు నిలిపివేత వంటి వాటిలో వారి ఆలోచన చురుగ్గా పనిచేస్తుంది. ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలకు వారు అవసరం. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో, తెలంగాణ హైకోర్టు హైదరాబాదులో విడివిడిగా నడుస్తున్నాయి. మీ సంస్థ ఏ రాష్ట్రంలో ఉందో, ఆయన ప్రాక్టీసు ఏ హైకోర్టులో ఉందో సరిచూసుకోండి. గుంటూరు సంస్థకు హైదరాబాదు రిట్ వకీలు సమావేశానికి రావడమే గగనం.

సీనియర్ అడ్వకేటు అన్నది వయసును బట్టి వచ్చేది కాదు. అడ్వకేట్ల చట్టం 16వ సెక్షన్ కింద హైకోర్టు గానీ సుప్రీంకోర్టు గానీ ఇచ్చే హోదా. ఆ హోదా ఉన్నవారు వకాలతు దాఖలు చేయరు, క్లయింటు నుంచి నేరుగా కేసు తీసుకోరు, మధ్యలో మరో వకీలు ఉండాల్సిందే. కాబట్టి అద్దె ఒప్పందం రాసిపెట్టమని ఆయన దగ్గరకు పరిగెత్తకండి. పెద్ద నిర్ణయం ముందు ‘ఇందులో ముప్పు ఎక్కడుంది’ అని అడగడానికి ఆయనను మించిన వారు ఉండరు.

కంపెనీలో పూర్తికాలం జీతం మీద పనిచేసే లీగల్ ఆఫీసరును చాలామంది తక్కువగా చూస్తారు, కోర్టుకు వెళ్ళరు కదా అని. నా అనుభవంలో సేవాసంస్థకు అందరికన్నా ఎక్కువ పనికొచ్చింది అలాంటి వారే. ఒప్పందాలు చదవడం, గడువులు గుర్తుపెట్టుకోవడం, రికార్డు సర్దడం వారి రోజువారీ పని. అయితే పూర్తికాలం జీతం తీసుకుంటూ ప్రాక్టీసు చేయడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. అంటే ఆయన ఆ సమయంలో ప్రాక్టీసులో ఉన్న అడ్వకేటు కాదు. వృత్తి గడిలో ‘ప్రైవేటు ఉద్యోగం, న్యాయ విభాగం’ అని రాయాలి, ‘అడ్వకేటు’ అని కాదు.

ప్రభుత్వ ప్లీడరుగానో, మునిసిపాలిటీకో, దేవాదాయ శాఖకో, బ్యాంకుకో స్టాండింగ్ కౌన్సిల్‌గానో ఉన్నవారి విషయంలో మాత్రం ఒకసారి ఆగండి. మీకు ఆస్తిపన్ను నోటీసు ఇచ్చిన మునిసిపాలిటీకి ఆయనే వకీలైతే, సమావేశంలో మీరు మాట్లాడుకున్నదంతా ఆయన చెవిన పడుతుంది. ఆయన మంచివాడే కావచ్చు. అయినా ఆ ఇరకాటంలో ఆయనను పెట్టడం మన తప్పవుతుంది.

ఇంకొక సంగతి. ఇప్పటికే మీతో పనిచేస్తున్న వారిలో ఎవరైనా లా చదువుతున్నారేమో చూడండి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్ర మహిళా సభను 1937లో స్థాపించారు, లా పట్టా పుచ్చుకుని మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టింది 1942లో. సంస్థ ముందు, కోటు తర్వాత. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన బాలగోపాల్ కూడా పౌరహక్కుల పనిలో ఏళ్ళు గడిపాకే వకీలయ్యారు. సంస్థ కష్టసుఖాలు తెలిసిన మనిషి వకీలవడం ఒక ఎత్తు, వకీలును తెచ్చి సంస్థ గురించి నేర్పడం మరో ఎత్తు.

3. ‘జడ్జి’ అన్న మాటను కూడా విప్పి చూడండి

ముందుగా తేల్చుకోవాల్సింది: పదవిలో ఉన్నారా, రిటైరయ్యారా? పదవిలో ఉన్న న్యాయమూర్తిని కార్యవర్గంలోకి అడగకండి. 1997 మే 7న సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా కూర్చుని తమ ప్రవర్తనకు తామే పదహారు సూత్రాలు రాసుకున్నారు. క్లబ్బు, సొసైటీ వంటి సంఘాల పదవులకు న్యాయమూర్తి పోటీ చేయకూడదనీ, న్యాయశాస్త్రానికి సంబంధించిన సంఘంలో తప్ప ఎన్నికయ్యే పదవి ఏదీ చేపట్టకూడదనీ అందులో ఉంది. ఏ పని కోసమైనా సరే చందాలు అడగకూడదనీ, నిధుల సేకరణలో పాలు పంచుకోకూడదనీ కూడా ఉంది. వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా పిలవడం వేరు, కరపత్రంలో ‘గౌరవ సలహాదారు’ అని ఆయన పేరు వేసి కింద బ్యాంకు ఖాతా నంబరు ఇవ్వడం వేరు. రెండోది ఆయనను అడక్కుండా చేసిన సంస్థలను నేను చూశాను.

రిటైరైన వారి మీద ఆ సూత్రాలు నేరుగా పనిచేయవు. అయినా చాలామంది జీవితాంతం ఆ పద్ధతిలోనే ఉంటారు. చందా పుస్తకం పట్టుకుని దాతల ఇంటికి ఆయనను వెంటపెట్టుకుని వెళ్ళాలని చూడకండి.

జిల్లా జడ్జిగా రిటైరైన వారికీ, హైకోర్టు నుంచి రిటైరైన వారికీ తేడా ఉంది. ‘జస్టిస్’ అన్న మాట హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులకే వాడతారు. జిల్లా జడ్జి గారి పేరు ముందు అది తగిలిస్తే ఆయనే ముందు నొచ్చుకుంటారు. హైకోర్టు న్యాయమూర్తులు 62 ఏళ్ళకు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 65 ఏళ్ళకు రిటైరవుతారు. హైకోర్టులో శాశ్వత న్యాయమూర్తిగా పనిచేసిన వారు ఆ తర్వాత సుప్రీంకోర్టులో, ఇతర హైకోర్టుల్లో తప్ప ఎక్కడా వాదించకూడదని రాజ్యాంగం 220వ అధికరణం చెబుతుంది. సుప్రీంకోర్టు నుంచి రిటైరైన వారు దేశంలో ఏ కోర్టులోనూ, ఏ అధికారి ముందూ వాదించకూడదని 124వ అధికరణం ఏడో ఖండం. కనుక ‘జడ్జి గారున్నారు, కేసు ఆయనే చూసుకుంటారు’ అన్న ఆశ వదులుకోండి.

ఆ న్యాయమూర్తి ఏ దారిలో వచ్చారన్నది అడగడం మరిచిపోకండి. కొందరు జూనియర్ సివిల్ జడ్జిగా, పాత మాటలో మున్సిఫ్ మేజిస్ట్రేటుగా, ఉద్యోగంలో చేరి మెట్టుమెట్టుగా పైకి వస్తారు. కొందరు వకీళ్ళుగా ఉండి నేరుగా జిల్లా జడ్జిగానో హైకోర్టుకో వెళతారు. మొదటి దారిలో వచ్చినవారు కోర్టు సిబ్బందిని, రికార్డు గదిని, తనిఖీలను, సెలవు చీటీలను నడిపిన వారు. సంస్థ పాలనలో వారి చెయ్యి తిరిగి ఉంటుంది. మా హాస్టలు స్టాకు రిజిస్టరులో బియ్యం బస్తాల లెక్క రెండు పేజీల్లో రెండు రకాలుగా ఉన్న సంగతి పట్టుకున్నది ఆడిటరు కాదు, అలాంటి ఒక విశ్రాంత జిల్లా జడ్జి గారు. బార్ నుంచి వచ్చినవారికి క్లయింటు భయం ఎలా ఉంటుందో తెలుసు, అవతలి పక్షం ఏం ఆలోచిస్తుందో ఊహించగలరు. సంస్థ బయటి గొడవల్లో ఉంటే వారు నయం.

ఇలాంటి సంఘాల్లో మాజీ న్యాయమూర్తులు నిలబడిన చరిత్ర మనకు ఉంది. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి పదవి విడిచిపెట్టిన వి.ఎం. తార్కుండే పౌరహక్కుల సంఘం పీయూసీఎల్‌కు అధ్యక్షుడయ్యారు. తర్వాతి కాలంలో ఆ పదవిలో మన తెలుగు న్యాయవాది కె.జి. కన్నబిరాన్ ఉన్నారు.

అమెరికాలో సంఘాలు నడిపే మన వాళ్ళకు ఒక మాట. అక్కడ ఫెడరల్ న్యాయమూర్తుల ప్రవర్తనా నియమావళి ప్రకారం పదవిలో ఉన్నవారు కూడా లాభాపేక్ష లేని సంస్థ బోర్డులో ఉండవచ్చు. ఆ సంస్థ తరచూ కోర్టుకెక్కేది కాకూడదు, వారు స్వయంగా విరాళాలు అడగకూడదు. రాష్ట్ర న్యాయమూర్తులకు ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివి. ఇక్కడి పద్ధతిని అక్కడికీ, అక్కడిదాన్ని ఇక్కడికీ తెచ్చుకుంటే చిక్కే.

4. బోర్డులో కావాలా, కోర్టులో కావాలా?

మీరు తీసుకునే నిర్ణయాల్లో అన్నింటికన్నా బరువైనది ఇదే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో న్యాయవాదికి కోర్టు పట్ల ఉండాల్సిన బాధ్యతల కింద ఎనిమిదో నిబంధన చదివి చూడండి. ఒక సంస్థ, సొసైటీ లేదా కార్పొరేషన్ కార్యనిర్వాహక వర్గంలో సభ్యుడైన న్యాయవాది ఆ సంస్థ తరఫున గానీ, దానికి వ్యతిరేకంగా గానీ, ఏ కోర్టులోనూ ట్రిబ్యునల్లోనూ ఇతర అధికారి ముందూ హాజరు కాకూడదు. పాలకమండలి, కార్యవర్గం, ధర్మకర్తల మండలి, మీరు ఏ పేరైనా పెట్టుకోండి, సంస్థ నిర్వహణ దాని చేతిలో ఉంటే అది కార్యనిర్వాహక వర్గమే.

‘ఫీజు తీసుకోకుండా చేస్తారు కదండీ’ అని నేనూ వాదించాను. ఫీజు లేకుండా హాజరయ్యే వెసులుబాటు ఉంది, కానీ అది బార్ కౌన్సిల్, బార్ అసోసియేషన్ వంటి న్యాయవాదుల సంఘాల తరఫున మాత్రమే. మన వృద్ధాశ్రమానికి వర్తించదు. అమికస్ క్యూరీగా, అంటే కోర్టుకు సాయపడే వకీలుగా, రావచ్చు, కానీ అది కోర్టు పిలిస్తే వచ్చే పని, మనం పెట్టుకునేది కాదు.

కాబట్టి మీకు కేసులు నడిపే మనిషి కావాలంటే ఆయనను కార్యవర్గంలోకి తీసుకోకండి, బయటే ఉంచి వకాలతు ఇవ్వండి. ముందుచూపు చెప్పే మనిషి కావాలంటే కార్యవర్గంలోకి తీసుకోండి, కేసులు మరొకరికి ఇవ్వండి. రెండూ ఒకే మనిషి నుంచి కావాలనిపిస్తే నిర్వహణ అధికారం లేని సలహా మండలి అని ఒకటి పెట్టుకుని ఆయనను అందులో ఉంచండి. అది పేరుకు కాకుండా నిజంగానే సలహా మండలి అయి ఉండాలి. చెక్కుల మీద ఆయన సంతకం, తీర్మానాల్లో ఆయన ఓటు ఉంటే పేరు మార్చినంత మాత్రాన ప్రయోజనం లేదు.

ఈ రెండు టోపీల సమస్య కోర్టు బయట కూడా ఉంది. వకీలుకు క్లయింటు చెప్పుకున్న మాటలకు చట్టం రహస్య రక్షణ ఇస్తుంది. పాత సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132వ సెక్షన్. అయితే అది ఆయనను వకీలుగా పెట్టుకుని మాట్లాడిన మాటలకే. టీ తాగుతూ సమావేశంలో సాటి సభ్యుడిగా ఆయన అన్న మాటకు ఆ గొడుగు ఉంటుందని ధీమాగా ఉండకండి. సున్నితమైన విషయం ఉంటే బయటి వకీలుకు లిఖితపూర్వకంగా అప్పగించి, ఆయన దగ్గరే అభిప్రాయం తీసుకోండి.

జడ్జి గారి విషయంలో ఇలాంటి చిక్కు ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పులో, వస్తుంది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం సొసైటీ లోపలి తగాదాలను ఆర్బిట్రేషన్ చట్టం కింద గానీ, జిల్లా కోర్టులో గానీ తేల్చుకోవచ్చు. కొందరు ఉత్సాహంగా ‘తగాదా వస్తే మన అధ్యక్షులు జస్టిస్ గారే మధ్యవర్తి’ అని బైలాలో రాసేస్తారు. యాజమాన్యంలో భాగమైన వ్యక్తి ఆర్బిట్రేటరు కాకూడదని ఆర్బిట్రేషన్ చట్టం ఏడో షెడ్యూలు చెబుతోంది. ఆ వాక్యం మీ బైలాలో ఉంటే ఈ వారమే తీయించండి.

5. చెప్పింది సరిచూసుకోండి

దీనికి అరగంట చాలు. బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగండి, దాని చివర ఉండే సంవత్సరం చూడండి. ఎన్‌రోలైన సంవత్సరం నుంచి నేటిదాకా మొత్తం ప్రాక్టీసే అనుకోవద్దు, మధ్యలో పదేళ్ళు వ్యాపారం చేసి వచ్చినవారు ఉంటారు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో న్యాయవాది పేరుతో కేసులు వెతికే వీలుంది. ఏ రకం కేసులు చూస్తున్నారో అందులో తెలిసిపోతుంది. మన పేర్లతో ఒక చిక్కు, ఒకే పేరుతో ఒకే కోర్టులో నలుగురు ఉంటారు. ఇంటిపేరుతో, నంబరుతో పోల్చుకోండి. అడగడానికి మొహమాటపడకండి. వంటమనిషిని పెట్టుకునేటప్పుడు పాత యజమానిని అడుగుతాం కదా.

6. ఇంటికి వెళ్ళి మాట్లాడండి

ఫోనులో తేల్చే పని కాదు. వకీలు దగ్గరకు ఆదివారం ఉదయం వెళ్ళండి, సోమవారం వాయిదాల హడావుడి మొదలు కాకముందే. మీరు మొదటి మెట్టులో రాసుకున్న తెల్లకాగితం చేతిలో ఉండాలి. ‘మా దగ్గర ఇవీ సమస్యలు, వీటిలో మీరు చేసిన పని ఏది?’ అని అడగండి. ఆ తర్వాత ఇవి అడగండి: మాకు గానీ, మా దాతలకు గానీ, మాతో తగాదా ఉన్నవారికి గానీ మీరు ఎప్పుడైనా వకీలుగా ఉన్నారా? మీ ఆఫీసు జూనియర్లు ఉన్నారా? ఏడాదికి ఎన్ని సమావేశాలకు రాగలరు? మా నుంచి ఫీజు వచ్చే పని మీకు గానీ మీ వారికి గానీ ఇస్తామని అనుకుంటున్నారా?

చివరి ప్రశ్నకు నవ్వేసినా సరే, జవాబు వచ్చేదాకా కూర్చోండి. ‘అబ్బే, సేవ కదండీ’ అన్నవారు తర్వాత బిల్లు పంపిన సందర్భం మాకు ఉంది. ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న సంస్థ తన ధర్మకర్తలకు, వారి బంధువులకు సమంజసమైన మొత్తం కన్నా ఎక్కువ చెల్లిస్తే ఆ మినహాయింపుకే ముప్పు. ఈ ముక్క ఆయనకూ తెలుసు, మీకూ తెలుసని ఆయనకు తెలియాలి.

జడ్జి గారి దగ్గరకైతే ముందుగా ఉత్తరం రాసి, సమయం అడిగి వెళ్ళండి. ఉత్తరం ఒక్క పేజీ మించకూడదు. ‘గౌరవనీయులైన జడ్జి గారికి, నమస్కారములు. మా ఆశ్రమంలో ప్రస్తుతం నలభై ఇద్దరు వృద్ధులు ఉంటున్నారు. సంస్థ రికార్డు, కొనుగోళ్ళ పద్ధతి సరిదిద్దుకోవడంలో తమ మార్గదర్శనం కోరుతున్నాము. ఏడాదికి నాలుగు సమావేశాలు. నిధుల సేకరణ బాధ్యత తమ మీద ఉండదు. గత రెండేళ్ళ ఆడిట్ నివేదికలు జతపరిచాము.’ ఈ చివరి రెండు వాక్యాలు చూసే ఒప్పుకున్నానని మా జడ్జి గారు తర్వాత చెప్పారు. ‘ప్రాతఃస్మరణీయులు, న్యాయదేవతా స్వరూపులు’ అని మొదలయ్యే ఉత్తరాలు ఆయన బల్ల మీద మరో మూడు ఉన్నాయి.

7. కాగితాల పని

బైలాలో ఖాళీ ఎలా నింపాలని ఉందో చూడండి. సర్వసభ్య సమావేశంలో ఎన్నుకోవాలా, కార్యవర్గమే కోఆప్ట్ చేసుకోవచ్చా? వారి నుంచి సమ్మతి పత్రం, ఆసక్తుల (సంస్థతో తమకున్న ఆర్థిక, వృత్తి సంబంధాల) వెల్లడి పత్రం సంతకంతో తీసుకోండి. రిజిస్ట్రారుకు దాఖలు చేసే జాబితాలో పేరు చేర్చండి. స్వచ్ఛంద సంస్థల దర్పణ్ పోర్టల్లో, బ్యాంకులో, విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ ఉంటే ఆ వెబ్‌సైటులో మార్పు నమోదు చేయండి. 8వ సెక్షన్ కంపెనీ అయితే ముందు డైరెక్టరు గుర్తింపు సంఖ్య ఉండాలి. అక్కడ న్యాయవాది డైరెక్టరు కావచ్చు, సిటింగ్ ఫీజు తీసుకోవచ్చు, కానీ కార్యనిర్వాహక బాధ్యతలు ఉండకూడదు. మేనేజింగ్ డైరెక్టరు, కంపెనీ సెక్రటరీ పదవులు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం కుదరవు.

ఏడుగురు సభ్యుల కార్యవర్గంలో న్యాయరంగం వారు ఒకరు చాలు, ఇద్దరు గరిష్ఠం. ముగ్గురైతే కూరగాయల కొనుగోలు తీర్మానానికి కూడా సవరణలు వస్తాయి.

8. పరిచయ వాక్యం రాసేటప్పుడు కలం అదుపులో పెట్టుకోండి

వార్షిక నివేదికలో మేం మొదట వేసిన పరిచయం ఇది: ‘ప్రముఖ న్యాయవాది, న్యాయకోవిదులు, బార్ అసోసియేషన్ మాజీ అధ్యక్షులు, భూవివాదాల్లో దిట్ట.’ ఆయన చదివి, ఎర్రసిరాతో అడ్డంగా గీత గీసి పంపారు. న్యాయవాదులు తమ గురించి ప్రకటనలు చేసుకోకూడదని బార్ కౌన్సిల్ 36వ నిబంధన. ఫలానా రకం కేసుల్లో నిపుణుడనీ, బార్ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాననీ, ఒకప్పుడు జడ్జిననీ నేమ్ ప్లేటు మీద గానీ లెటర్‌హెడ్డు మీద గానీ రాసుకోవడానికి కూడా అది ఒప్పుకోదు. మన పుస్తకం ఆయన లెటర్‌హెడ్డు కాకపోయినా, ఆయనకు ఇబ్బంది తెచ్చే రాత ఎందుకు?

ఇప్పుడు ఇలా వేస్తున్నాం: ‘న్యాయవాది, 1994లో ఎన్‌రోల్ అయ్యారు. 2015 నుంచి కార్యవర్గ సభ్యులు. దానపత్రాల పరిశీలన ఉపసంఘం బాధ్యులు. సంస్థ నుంచి ఫీజు తీసుకోరు.’ ఏ రకం పనిలో దిట్టో మన ఫైల్లో ఉంటే చాలు.

9. మొదటి సమావేశం నుంచే మినిట్స్ సరిగ్గా రాయండి

మొదటి రోజు ఎత్తు కుర్చీ, పూలదండ పెట్టకండి. అందరితో సమానంగా గుండ్రంగా కూర్చోబెట్టి, ఆడిట్ ఫైలు చేతికివ్వండి. జడ్జి గారు మాట్లాడగానే మిగతావారు నోరు మూసుకునే జబ్బు మన సంస్థల్లో ఉంది. అందుకని ఆయనను చివరన మాట్లాడమని మేం ముందే కోరాం, ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు.

ఒక సభ్యుడికి స్వప్రయోజనం ముడిపడిన విషయం వచ్చినప్పుడు మినిట్స్‌లో ఏం రాయాలో ఒక నమూనా: ‘ప్రహరీ గోడ దావాకు న్యాయవాదిని నియమించే అంశం చర్చకు రాగా, పరిశీలనలో ఉన్న ముగ్గురిలో ఒకరు తమ మాజీ జూనియర్ అని మూడో సభ్యులు తెలియజేసి వెలుపలికి వెళ్ళారు. మిగిలిన ఆరుగురు ముగ్గురి ఫీజు వివరాలు పరిశీలించి నిర్ణయం తీసుకున్నారు. అనంతరం వారు తిరిగి వచ్చి కూర్చున్నారు.’ ‘వెలుపలికి వెళ్ళారు’ అని రాయడమే కాదు, నిజంగా వెళ్ళాలి. వరండాలో కాసేపు నిలబడితే పోయేదేమీ లేదు, మా వరండాలో గాలి బాగా వస్తుంది.

ఇక పదవీకాలం ముగిసినప్పుడు మర్చిపోకుండా చేయాల్సిన పని ఒకటుంది. పరిశీలనకని ఇచ్చిన ఒరిజినల్ పత్రాలు వకీళ్ళ ఇళ్ళలో ఉండిపోతాయి. ఏ పత్రం ఏ తేదీన ఇచ్చారో ఒక పుస్తకంలో రాసి, ఇచ్చినప్పుడు ఒక సంతకం, తిరిగి వచ్చినప్పుడు ఒక సంతకం తీసుకోండి. మా తొలి స్థలం దానపత్రం పదకొండేళ్ళు కనపడలేదు. అప్పటి మా వకీలు గారు కాలం చేశాక, వాళ్ళబ్బాయి ఇల్లు మారుతూ అటక మీద నుంచి పెళ్ళి ఆల్బమ్‌లతో పాటు దించి, దుమ్ము దులిపి, స్కూటర్ మీద తెచ్చి ఇచ్చి వెళ్ళాడు.